ఉగ్రస్తంభమునకు మెట్లు వలదు

అహోబిలమున ఎగువ సన్నిధి దాటి, భవనాశి వాగు వెంబడి జ్వాలానరసింహస్వామి కొలువున్న చోటు వరకు మెట్లును కాలిబాటయు గలవు. అచటి నుండి ఉగ్రస్తంభ శిఖరమునకు పోవు త్రోవకు మాత్రము రాళ్ళును చెట్లవేళ్ళును తప్ప వేరు ఆధారము లేదు. ఆ త్రోవకును సిమెంటు మెట్లు కట్టింపవలయునని, అలసి దిగివచ్చు యాత్రికులు కొందరు కోరుచుండగా వింటిని. వారి భక్తియెడ నాకు గౌరవము మెండు. ఆ కోరిక మాత్రము నెరవేరరాదు.

గత కార్తికమున, వృక్షశాస్త్రము బోధించు నా మిత్రునితో గూడి, వేకువనే ఆ కొండ కెక్కితిని. నల్లమద్దియు, తపసియు, మారేడును, వెదురుపొదలును అల్లుకొనిన ఆ యేటవాలున ఒకచోట నా కాలిక్రింద రాయి కదలగా, “చూసి పెట్టప్పా, ఈ రాయి నమ్మేది కాదు” అని మిత్రుడు మోచేయి పట్టి నిలిపి, ప్రక్కనున్న పలకరాతిని చూపెను. ఏటియొడ్డు ఇసుకలో అలలు గీసిన చారలవలె దాని ముఖముపై సన్నని మడతలు వరుసదీరి యుండెను. నూరుకోట్ల యేండ్లకు ఎంతో పూర్వము ఇచట పరచుకొన్న కడలి యడుగున ఇసుక గట్టిపడి యీ రాయి యైనది. ఆ నీటి కదలికయే యిట్లు నిలిచిపోయినది. అరచేతితో తడవి తడవి చూచితిని. సిమెంటు పోసిన నాడు ఆ గుర్తులు ఎవరికిని కానరావు.

అంతకంటె నన్ను కలతపెట్టినవి చెట్లవేళ్ళు. ఎగబ్రాకువారందరు పట్టుకొనగా బెరడూడి నున్ననైనవి. చుట్టునున్న మన్ను వానలకు జారిపోగా కొన్ని గాలిలో వ్రేలాడుచున్నవి. వాని సందులలో నీళ్ళసీసాలు, బిస్కట్టు కాగితములు. త్రోవ కఠినమై యున్నపుడే యిట్లున్నచో, సులభమైన పిమ్మట ఏమగును? మెట్ల వెనుక అంగళ్ళు, అంగళ్ళ వెనుక మైకులు వచ్చిన కొండలను మనము చూడలేదా?

వృద్ధులకు అన్యాయమగునందురేమో. కాని అహోబిలపు నవనారసింహులలో ఏ మూర్తియు ఉగ్రస్తంభముపై లేదు, ఎగువ అహోబిలము వరకు వాహనములు పోవును, జ్వాలానరసింహుని వరకు డోలీలు కలవు. పైనున్నది, హిరణ్యకశిపుని సభాస్తంభమని జనులు నమ్ము చీలిన మహాశిలయు, దానిచుట్టు కనుచూపు మేర నల్లమల యడవియు. ఆ యడవి చెడిన వెనుక శిఖరమెక్కి చూడదగిన దేమున్నది?

చేయవలసిన పనులు వేరే యున్నవి. ఎగువ సన్నిధి యొద్దనే సీసాలు లెక్కించి, దిగునపుడు అన్నియు తిరిగి చూపిన గాని యాత్రికుని విడువరాదు. మన్ను జారిన చోట్ల అచ్చటి రాళ్ళనే పేర్చి వేళ్ళను కాపాడవలెను. కొండదారి చూపుటకు చెంచులను దినవేతనముపై నియమింపవలెను. చెంచులక్ష్మిని స్వామికిచ్చిన పుట్టింటివారు కనుకనే, సంక్రాంతి నాళ్ళ పారువేటయందు స్వామి పల్లకిపై తొలిబాణము వేయు మర్యాద వారిది. ఎవరు ఎప్పుడు ఎందరు కొండ కెక్కవచ్చునో నిర్ణయించు వేళ, దేవస్థానమును అటవీశాఖయు ముందుగా వారినే పిలిచి యడుగవలెను.