దేవుడికి చేతి తొడుగులు అక్కర్లేదు

ఎదుటివాడిలో భగవంతుణ్ణి చూడాలన్న మాట మన సత్సంగాల్లో వినిపించినంత తరచుగా బహుశా మరే మాటా వినిపించదు. మాట గొప్పదే. దాన్ని మనం వాడుకుంటున్న తీరు మీదే నా తగవు.

ప్రవచనకారులకు ఎంతో ఇష్టమైన కథ ఒకటుంది. కాశీలో ఎదురుపడిన చండాలుణ్ణి శంకరులు తప్పుకోమన్నారనీ, తప్పుకోవలసింది దేహమా ఆత్మా అని అతడు నిలదీశాడనీ, శంకరులు తలవంచారనీ, తీరా ఆ వచ్చినవాడు సాక్షాత్తూ విశ్వనాథుడేననీ చెబుతారు. 'మనీషా పంచకం' పుట్టుకకు చెప్పుకునే కథ ఇది. శివుడని తేలగానే సభలో అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. అతను మామూలు కాటికాపరే అయి, ఆ ప్రశ్న అడిగి తన దారిన తాను పోయి ఉంటే? అప్పుడూ ప్రశ్న అంతే సత్యం కదా! కాని మనకు చండాలుడిలోని శివుడు కావాలి, చండాలుడు మాత్రం అక్కర్లేదు.

ఊరికే అనడం లేదు. తమిళనాట తెలుగువాళ్ళమంటే మనం మధుర నాయకరాజులనూ, త్యాగరాజస్వామినీ తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. ఇదే నేల మీద, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, అరుంధతీయులున్నారు. వాళ్ళలో చాలామందికి ఇంటిభాష తెలుగే. ఊరి మురికి ఎత్తే పని తరతరాలుగా వాళ్ళ నెత్తిన పడింది. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం వాళ్ళకు విడిగా కేటాయించింది. సర్కారు లెక్కలోకి వచ్చిన ఈ మనుషులు మన ఉగాది సభల ఆహ్వానపత్రికల్లోకి ఎంతవరకు వచ్చారు? తెలుగు మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్నారని వగచే మనం, లెక్కపెట్టేటప్పుడు వాళ్ళను ఎందుకు వదిలేస్తున్నాం?

కోలారు బంగారు గనుల ఊళ్ళో 1966లో ఒక తెలుగు పాకీవారి ఇంట పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పని దేశంలోనే ఉండకూడదని పోరాడి 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నాడు. నా దృష్టిలో ఇంతకన్న ఆధ్యాత్మికమైన పని మరొకటి లేదు.

'అది సంఘసంస్కరణ, ఇది ఆధ్యాత్మికం. ముందు లోచూపు పెరగాలి, ఆచరణ దానంతటదే వస్తుంది' అంటారు పెద్దలు. నేను బి.కాం. చదివి బ్యాంకులో జుట్టు నెరిసినవాణ్ణి. వేదాంతం నాకు తెలిసింది తక్కువ. ఖాతా రాయడం తెలుసు. ఒక పక్క జమ వేస్తే రెండో పక్క ఖర్చు చూపాలి. ఒంటిపద్దుతో పుస్తకం సరిపడదు. నాలో చైతన్యం పెరిగిందని జమ వేసుకునేవాడు, అందుకోసం తన దగ్గరనుంచి ఎదుటివాడికి ఏం వెళ్ళిందో చూపాలి. అక్కడ సున్నా ఉంటే ఇక్కడి అంకె దొంగ అంకె. ఏళ్ళ తరబడి ఆచరణ 'దానంతటదే' రాకపోతే, అది రానిబాకీ అని ఒప్పుకోవాలి.

మనుషుల చేత పాకీపని చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పోయిన ప్రాణానికి కోర్టు వెల కట్టవలసి వచ్చింది. ఆ ప్రాణం ఉన్నప్పుడు మన వీధి గుంటలోకి దిగుతుంటే, 'దిగవద్దు, యంత్రం రానీ' అని అడ్డుపడే భక్తుడు ఎందుకు కనబడడు?

ఎదుటివాడిలో దేవుణ్ణి మాత్రమే చూడడంలో ఒక సుఖముంది. దేవుడికి జీతం బకాయి ఉండదు. విషవాయువుకు ఊపిరాడకపోవడం ఉండదు. చేతి తొడుగులు అక్కర్లేదు. దండం పెడితే సరిపోతుంది. మనిషికి సరిపోదు.

సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే ఉగాదికి వాళ్ళ పేటకు వెళ్ళి పిలవండి. పంక్తిలో పక్కన కూర్చోండి, వేదిక మీద మాట్లాడనివ్వండి. దేవుడు కనబడతాడా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు పేరు అడగండి. మన భాషలోనే చెబుతారు.