గోడ చెమ్మకు ఇంట్లో ఉండేవారిని నిందించే వాదం

ఇంటి గోడ మీద నల్లని బూజు కనిపిస్తే దాన్ని ఆ ఇంట్లో ఉండేవారి అశుభ్రతకు గుర్తుగా లెక్కగట్టి, కిటికీలు తెరవమనీ, బట్టలు లోపల ఆరవేయవద్దనీ, గోడ తుడిచి రంగు వేసుకోమనీ చెప్పి ఊరుకునే వైఖరి చాలాకాలంగా స్థిరపడి ఉంది. దాని శాస్త్రాధారం బలహీనమైనది. ఫలితాన్ని అనుభవించేది మాత్రం పసిపిల్లలు.

బూజు ఒక శిలీంధ్రం. గాలిలో తేలే దాని సూక్ష్మమైన సిద్ధబీజాలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి కనుక వాటిని పూర్తిగా తుడిచిపెట్టడం ఎంత శుభ్రత పాటించేవారికైనా అసాధ్యం. అవి పాతుకొని పెరుగుతాయా లేదా అన్నది ప్రధానంగా తడిని బట్టి ఉంటుంది. కప్పు నుంచో గొట్టాల నుంచో కారే నీటికీ, పునాది నుంచి గోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎగబాకే నేల తేమకూ నివాసి బాధ్యుడు కాడు. ఇంటి గాలిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరుగా మారే సాంద్రీకరణంలో నివాసి పాత్ర కొంత ఉన్నమాట నిజమే. అయితే వండడం, స్నానం చేయడం, ఊపిరి విడవడం ఏ కుటుంబానికైనా తప్పనివి కాబట్టి, ఆ ఆవిరిని బయటికి పంపే ఏర్పాటు లేని ఇల్లు నిర్మాణంలోనే లోపభూయిష్టం. ఊపిరి విడవడం కూడా జీవనశైలి దోషమే అయితే, దానికి ప్రత్యామ్నాయం చూపవలసిన భారం ఆ వాదకులదే.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో ఈ వాదం ఒక ప్రాణం తీసేదాకా వెళ్లింది. అక్కడ తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సామాజిక గృహ సంస్థకు చెందిన ఫ్లాట్‌లో బూజు ఉందని 2017లోనే అందులో ఉండే అద్దెదారు ఫిర్యాదు చేయగా, దాని మీద రంగు వేసుకోమన్న సలహా దొరికింది. సూడాన్ నుంచి వచ్చిన ఆ కుటుంబపు అలవాట్లే కారణమని సంస్థ ఊహించుకుంది. వారి కుమారుడు అవాబ్ ఇషాక్ రెండో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, 2020 డిసెంబరులో మరణించాడు. దీర్ఘకాలం బూజు సోకిన గాలి పీల్చడం వల్ల వచ్చిన తీవ్ర శ్వాసకోశ వ్యాధే కారణమని, మరణ కారణాలను విచారించే అధికారి అయిన కరోనర్ 2022 నవంబరులో తేల్చారు. జీవనశైలి గురించి తాము చేసిన ఊహ తప్పని సంస్థ ఒప్పుకున్నది ఆ తరువాతే.

ఇటువంటి మరణం అరుదు. నల్ల బూజంతా ప్రాణాంతక విషమనే ప్రచారం అతిశయోక్తి. అంతమాత్రాన సమస్య చిన్నదైపోదు. పిల్లల శ్వాసనాళాలు ఇరుకైనవి, పైగా శరీర బరువుతో పోలిస్తే వారు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. ఇంటి చెమ్మకూ, దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం వంటి బాధలకూ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఎంత బూజు ఉన్నా ప్రమాదం లేదని చెప్పగల పరిమితిని అవి సంఖ్యలో నిర్ణయించలేదు. అసలు తేమనే నివారించమన్నాయి. కాగా చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగించగలదు కాబట్టి బ్లీచింగ్ చల్లి, పైన రంగు పూసి చేతులు దులుపుకోవడం చికిత్స కాదు.

అవాబ్ పేరిట వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాలలో అమలవుతున్నాయి. అత్యవసర ప్రమాదాన్ని యజమాని 24 గంటల్లో సరిచేయాలి. భారతదేశపు 2021 మాదిరి అద్దె చట్టం కూడా, అద్దెదారు వల్ల జరిగిన నష్టం తప్ప, నిర్మాణ మరమ్మతులను యజమానికే అప్పగించింది. రాష్ట్రాలు చట్టం చేస్తే తప్ప ఆ మాదిరికి బలం లేదు. ఆ చట్టం చేసేటప్పుడు చెమ్మను పేరుపెట్టి చేర్చడం శాసనకర్తల పని. మాటిమాటికీ పిల్లికూతలతో వచ్చే బిడ్డకు మందు రాసేముందు ఇంటి గోడల సంగతి అడగడం వైద్యుల పని.