పక్క గూడెం చుట్టాలు

దేశం దాటి వచ్చినవాళ్లను శరణార్థులంటారు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లను వలస కూలీలంటారు. మరి ప్రాణభయంతో ఊరు విడిచి, గోదావరి దాటి, పక్క రాష్ట్రం అడవిలో గుడిసె వేసుకున్నవాళ్లను ఏమనాలి? ఉమ్మడి వరంగల్‌ జిల్లా అడవుల్లో ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న అలాగే ఉంది. అది తేలేలోపే అక్కడో తరం పుట్టి పెరిగింది.

హన్మకొండలో బస్సెక్కి ఏటూరునాగారం వైపు బయల్దేరితే ములుగు దాకా పొలాలే ఎక్కువ. పస్రా దాటాక అడవి దగ్గరికొస్తుంది. తాడ్వాయి చేరేసరికి రోడ్డుకి అటూ ఇటూ చెట్లే. మేడారం జాతరకి వెళ్లొచ్చిన ప్రతి కుటుంబానికీ తెలిసిన దారే ఇది. కానీ ఆ రోడ్డు దిగి, కాలిబాట పట్టుకుని, వాగు దాటి లోపలికి వెళ్తే కనిపించే గుడిసెల సంగతి ఎంతమందికి తెలుసు? తడికె గోడలు, పక్కనే కాస్త పోడు చెలక, నీళ్లకి వాగులో తవ్వుకున్న చెలమ. కరెంటు తీగ కనిపించదు. అవే గొత్తికోయల గూడేలు.

ఎవరు వీళ్లు?

ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌ వీళ్ల సొంతగడ్డ. 2005 జూన్‌లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన ఉద్యమం అది. గిరిజన యువకులనే ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని చేతికి తుపాకులిచ్చారు. ఊళ్లకి ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి వెళితే మావోయిస్టుల కన్నెర్ర. వెళ్లకపోతే మావోయిస్టులని ముద్ర. రెండింటి మధ్యా నలిగిన కుటుంబాలు పిల్లల్ని చంకనేసుకుని, దొరికిన గిన్నెలు మూటగట్టుకుని అడవిదారిన దక్షిణానికి నడిచాయి. కొందరు అప్పటి ఖమ్మం జిల్లాలో ఆగారు. కొందరు వరంగల్‌ జిల్లా అడవుల్లోకి వచ్చారు. ప్రత్యేక పోలీసు అధికారులకు ఇలా ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ అప్పటికి వాళ్లు వచ్చి ఆరేళ్లయింది. వెనక వదిలొచ్చిన ఇల్లు నిలిచి ఉందో లేదో తెలియదు.

పేరులోనే ఉంది వాళ్ల కథంతా. అక్కడ వాళ్లు మురియాలు. గోండుల్లో ఒక తెగ. గోదావరి దాటాక గొత్తికోయలయ్యారు. కొందరు గుత్తికోయలంటారు. ఏ పేరుతో పిలిచినా అది ఇక్కడివాళ్లు పెట్టిన పేరే.

మాట కలిసింది...

కొత్తచోటికి వచ్చినవాడికి మొదట కావలసింది అన్నమా, ఇల్లా? రెండూ కావాలి. కానీ ఆ రెండూ అడగడానికి ముందు మాట కావాలి. ఆ విషయంలో మాత్రం వీళ్లకి కొంత అదృష్టం కలిసొచ్చింది. తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్నది కోయలు. వాళ్ల కోయమాట, వచ్చినవాళ్ల మాట ఒకే గోండీ కుదురువి. యాసలో తేడా ఉండొచ్చు, మాట తెలియక నిలబడిపోయే పరిస్థితి మాత్రం లేదు.

పైగా రాకపోకలు కొత్తవీ కావు. రెండేళ్లకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరికి బస్తర్‌ నుంచీ భక్తులొస్తారు. మిరప తోటల్లో కాయ ఏరడానికి అటువైపు కూలీలు ఏటా రావడం సల్వాజుడుంకి ముందునుంచీ ఉంది. కాబట్టి 2005లో వచ్చినవాళ్లకి దారి చూపింది అధికారులు కాదు, దరఖాస్తులు కాదు. అంతకుముందు కూలికొచ్చినప్పటి పరిచయాలు, సంతలో కలిసిన ముఖాలు, ఎక్కడ వాగుంది, ఎవరి చేలో పనుందన్న కబుర్లు.

వరంగల్‌ నగరంలో ఉన్నవాళ్లకి దీంతో సంబంధం లేదనుకోవద్దు. గోదావరి ఒడ్డు మండలాల్లో పండే మిర్చి చేరే పెద్ద మార్కెట్లలో ఎనుమాముల ఒకటి. అక్కడికొచ్చే బస్తాల్లో గొత్తికోయల చేతుల మీదుగా వచ్చిన కాయా ఉంటుంది. ఇంట్లో ఆవకాయ జాడీ తెరిచినప్పుడు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవచ్చు.

చీటీ కలవలేదు

మాట కలిసింది కానీ కాగితం కలవలేదు. అసలు చిక్కంతా ఇక్కడే.

ఛత్తీస్‌గఢ్‌లో వీళ్లు షెడ్యూల్డు తెగ. తెలంగాణ జాబితాలో కోయలున్నారు, గోండులూ ఉన్నారు. అయినా వీళ్లకి ఇక్కడ ఆ హోదా దక్కదు. ఎందుకంటే మన రాజ్యాంగంలో షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. ఒక రాష్ట్రంలో గిరిజనుడైనవాడు ఇంకో రాష్ట్రానికి వలస వెళితే అక్కడి రిజర్వేషన్లు, గిరిజన పథకాలు వర్తించవు. ఒకే మాట మాట్లాడే ఇద్దరు పిల్లలు ఒకే వాగులో ఈదుతారు. ఒకరికి ఎస్టీ ధ్రువపత్రం వస్తుంది. ఇంకొకరికి రాదు.

భూమిదీ అదే కథ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కి ముందే ఆ అడవి భూమి సాగులో ఉండాలి. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో! చెట్టు నరికి, చెలక చేసుకుని, గింజ వేసేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోయింది. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అడవి భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టినవారికి పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి హక్కుగా ఇవ్వాలని. కానీ అక్కడినుంచి వెళ్లగొట్టారని ఇక్కడ రుజువు చేయడం ఎలా? కాలిపోయిన ఇంటికి కాగితమెక్కడిది?

అటవీశాఖ వాదనా కొట్టిపారేసేది కాదు. ఏటూరునాగారం అడవి 1950ల తొలినాళ్లలోనే అభయారణ్యమైంది. కొత్త గూడెం వెలిసిన చోటల్లా చెట్లు పోతాయి. పోడు ఏటికేడు పెరుగుతుంది. అడవిని కాపాడటమే ఉద్యోగమైనవాళ్లు చూస్తూ ఊరుకోలేరు. స్థానిక కోయలకీ బెంగ ఉంది. ఉన్న కాస్త భూమి, ఉన్న కాస్త అడవి, ఉన్న కాసిని ఉద్యోగాలు... పంచుకునేవాళ్లు పెరిగితే తమ వాటా ఏమవుతుందని.

ఈ బెంగల్ని కూర్చుని మాట్లాడుకోకపోతే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గొత్తికోయల గుడిసెలు కూల్చేశారు. పెద్ద గొడవైంది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, మొక్కల పెంపకం దగ్గర రేగిన తగాదాలో, గొత్తికోయల చేతిలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ వెంటనే గొత్తికోయలందర్నీ ఊరినుంచి పంపేయాలంటూ బెండాలపాడు గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. విధి నిర్వహణలో ఉన్న ఓ అధికారి కుటుంబం దిక్కులేనిదైంది. చేయని తప్పుకి గూడెం మొత్తం నేరస్థురాలైంది.

కలిసి చేస్తే...

ఇదంతా చదివి, మార్గమే లేదనుకుంటే పొరపాటు. చేతులు కలిసిన చోట పని జరిగింది.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ 2007లో ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు శాంతాసిన్హా. బడిబయటి పిల్లల కోసం పనిచేసి మెగసెసె అవార్డు అందుకున్న మన తెలుగు ప్రొఫెసర్‌. కమిషన్‌ తొలినాళ్లలోనే ఆమె బృందం ఈ వలస గూడేల పిల్లల కోసం ఖమ్మం జిల్లాకి వచ్చింది. మలేరియాతో, రక్తహీనతతో బాధపడుతున్న గూడేలకి అంతర్జాతీయ వైద్యుల సంస్థ ఎంఎస్‌ఎఫ్‌ సంచార వైద్యశాలలు నడిపింది. స్థానిక స్వచ్ఛంద సేవకులు పాకలు వేసి పిల్లలకి అక్షరాలు నేర్పారు.

2020 లాక్‌డౌన్‌ వీళ్లకి ఇంకో పరీక్ష పెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే ములుగు జిల్లా మిరప చేల నుంచి బిజాపూర్‌ జిల్లాలోని సొంతూరికి తోటి కూలీలతో కాలినడకన బయల్దేరిన పన్నెండేళ్ల అమ్మాయి ఇంకాసేపట్లో ఇల్లు చేరుతుందనగా ప్రాణం వదిలింది. దేశమంతా ఆ వార్త చదివి కంటతడి పెట్టింది. అవే రోజుల్లో ములుగు ఎమ్మెల్యే సీతక్క బియ్యం, పప్పు మూటలతో వాగులు దాటి గూడేలకి నడిచారు. ఆమె కోయ బిడ్డ. ఆ నడక ఆ రోజులతో ఆగిపోలేదు. వరంగల్‌, ఖమ్మం జిల్లాల గొత్తికోయల వెలివేతే అంశంగా పరిశోధన చేసి 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పట్టా పొందారు. 2023 డిసెంబరులో మంత్రి అయ్యారు.

తర్వాతి ఏడాది ములుగు జిల్లాలో ఒక చిత్రం జరిగింది. రిజర్వు అడవిలో పక్కా కట్టడానికి అటవీశాఖ ఒప్పుకోదు. కట్టడం లేకపోతే బడి లేదు, ఆస్పత్రి లేదు. మరేం చేయాలి? అధికారులు ఆలోచించి ఓడల మీద సరుకు వెళ్లే ఇనుప కంటెయినర్‌ లాంటి గదిని తెచ్చి పెట్టారు. కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో కంటెయినర్‌ బడి, తాడ్వాయి మండలం పోచాపూర్‌లో కంటెయినర్‌ ఆస్పత్రి! పునాది లేదు కాబట్టి అది కట్టడం కాదు. తలుపు, కిటికీ, బల్లలు ఉన్నాయి కాబట్టి అది బడి. అడవి చట్టం గౌరవం అడవికి దక్కింది. పిల్లలకి దక్కాల్సింది పిల్లలకి దక్కింది. నిజానికి ఈ గూడేల బతుకూ కంటెయినర్‌ లాంటిదే. ఉంది, కానీ పునాది లేదు. అయినా ‘కుదరదు’ అనే మాటని పక్కన పెట్టి, ‘ఎలా కుదురుతుంది’ అని రెండు శాఖలు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో ఆ ఇనుప గది చూపించింది.

ప్రపంచంలో మిగతాచోట్లా ఇదే అనుభవం. వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం 1979లో కెనడా ఒక పద్ధతి పెట్టింది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు కలిసి ఒక శరణార్థి కుటుంబానికి ఏడాదిపాటు పూచీ ఉంటారు. ఇల్లు చూడటం, పిల్లల్ని బడిలో చేర్చడం, బస్సెక్కడం నేర్పడం... అన్నీ వాళ్లే. 1979, 80లలో దాదాపు 60 వేలమంది అలా ఆ దేశంలో కాలుపెడితే, సగానికి పైగా ఈ ఇరుగుపొరుగు పూచీ మీద వచ్చినవారే. ఐక్యరాజ్యసమితి 1986లో నాన్సెన్‌ అవార్డుని ఏ నాయకుడికో కాకుండా కెనడా ప్రజలకే ఇచ్చింది. మన కోయగూడేలు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కానీ పని చూపించడం, దారి చెప్పడం, మాట సాయం... ఈ పూచీ ఇరవై ఏళ్లుగా మోస్తున్నవాళ్లు అక్కడున్నారు. తేడా ఒక్కటే. అక్కడ పొరుగువాడి వెనక ప్రభుత్వం నిలబడింది. ఇక్కడ పొరుగువాడొక్కడే మిగిలాడు.

చట్టం మారకుండానే...

ఎస్టీ హోదా, భూమి హక్కు పెద్ద విషయాలు. వాటికి రెండు రాష్ట్రాలూ, కేంద్రమూ కూర్చోవాలి. అప్పటిదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. వయసు ధ్రువపత్రం లేదని పిల్లల్ని బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇవ్వడానికి కులపత్రం అడగరు. గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉన్నవారెవరైనా ఆధార్‌కి అర్హులే. దానికి ఏ రాష్ట్రంలో పుట్టారన్న పట్టింపు లేదు.

ఇవన్నీ ఉన్నవే. లేనిదల్లా, ఉన్నాయని వాళ్ల మాటలో చెప్పే మనిషి. అక్కడే స్థానిక కోయ యువతీయువకులు పనికొస్తారు. ఆశా కార్యకర్తగా, అంగన్‌వాడీ ఆయాగా, బడిలో సహాయకురాలిగా కోయమాట వచ్చిన మనిషి ఒకరుంటే చాలు, సగం దూరం తగ్గుతుంది. దీనికి పుస్తకాలూ లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషా బోధన కార్యక్రమంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే వాచకాలు తెచ్చారు. బడిలో మొదటిరోజు టీచరు ‘నీ పేరేంటి?’ అని తెలుగులో అడిగితే తల దించుకునే పిల్ల, అదే మాట కోయలో వింటే తలెత్తుతుంది.

అడవి విషయంలోనూ అంతే. ఇకపై కొత్తగా చెట్టు కొట్టమన్న మాట గూడెం ఇవ్వాలి. చెప్పాపెట్టకుండా గుడిసె పీకమన్న మాట అటవీశాఖ ఇవ్వాలి. మధ్యలో పెద్దమనిషిగా ఉండాల్సింది పక్క గూడెం కోయలే. అటు భాష తెలుసు. ఇటు అడవి తెలుసు. తమ వాటా పోతుందన్న భయం తీర్చే బాధ్యతని ప్రభుత్వం తీసుకుంటే ఆ పెద్దరికానికి వాళ్లు వెనకాడాల్సిన పనుండదు.

ఇరవై ఏళ్లయింది కదా, ఇప్పుడైనా తిరిగి వెళ్లిపోవచ్చుగా అనేవాళ్లున్నారు. వెళ్లాలనుకున్న పెద్దవాళ్లకి ఆ దారి భద్రంగా తెరిచి ఉండాల్సిందే. మరి ఇక్కడే పుట్టి, ఇక్కడి వాగులో ఈత నేర్చి, కంటెయినర్‌ బడిలో ‘అ ఆ’లు దిద్దుతున్న పిల్లలో? వాళ్లకి బస్తర్‌ అంటే తాత చెప్పే ఊరు. ‘మీదే ఊరు?’ అని అడిగితే ఆ పిల్లలు ఈ అడవి పేరే చెబుతారు. అవునని ఒప్పుకోవాల్సింది మిగతావాళ్లే.