సింగిల్స్‌లో ఏం సాధించాడు?

డబుల్స్ ఆటగాడి పేరు ఎత్తగానే మన దగ్గర వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "బానే ఉంది గానీ, సింగిల్స్‌లో ఏం సాధించాడు?" హాస్టల్ టీవీ రూములో విన్నాను, క్యాంటీన్‌లో విన్నాను, మా ఇంట్లోనూ విన్నాను. విచిత్రం ఏంటంటే, టెన్నిస్‌లో మన దేశం గొప్పగా చెప్పుకునే పేర్లలో చాలావరకు డబుల్స్ పేర్లే. పేస్, భూపతి, బోపన్న, మన హైదరాబాద్ సానియా. పతకాలకీ టైటిళ్ళకీ చప్పట్లు కొడతాం, కొట్టాక ఆ ప్రశ్న మాత్రం అడిగే తీరతాం. డబుల్స్ అంటే సింగిల్స్‌లో కుదరనివాళ్ళు సర్దుకునే చోటు అని మనకో గట్టి నమ్మకం.

ఆ నమ్మకం తప్పని నా అభిప్రాయం. అది టెన్నిస్ దగ్గరే ఆగిపోతే ఇంత రాసేవాణ్ణి కూడా కాదు. మన క్లాసురూముల్లో, మన ప్రాజెక్ట్ బ్యాచుల్లో మనం ఒకళ్ళనొకళ్ళం కొలుచుకునేది కూడా సరిగ్గా ఆ ప్రశ్నతోనే. అందుకే రాజీవ్ రామ్ గురించి రాస్తున్నాను.

రాజీవ్ రామ్ అమెరికా ఆటగాడు. బెంగళూరు నుంచి వెళ్ళి స్థిరపడిన దంపతుల కొడుకు. 1984లో డెన్వర్‌లో పుట్టి, ఇండియానా రాష్ట్రంలో పెరిగాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడింది ఒక్క సీజనే, 2003లో. ఆ ఏడాది ఇల్లినాయ్ జట్టు ఆడిన 32 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ కాలేజీ టైటిల్ గెలిచింది. బ్రయాన్ విల్సన్‌తో కలిసి రామ్ డబుల్స్ టైటిల్ కూడా గెలిచాడు. అప్పటికి అతనికి 19 ఏళ్ళు, అంటే మన సెకండియర్ వయసు. అప్పటి వాళ్ళ కోచ్ క్రెయిగ్ టైలీ తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్ టోర్నమెంట్ డైరెక్టర్ అయ్యాడు. రామ్ తన మొదటి గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచింది కూడా ఆ టోర్నమెంట్‌లోనే.

అమెరికా కాలేజీ టెన్నిస్ ఎలా నడుస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. రెండు కాలేజీలు తలపడితే మొత్తం 7 పాయింట్లు. 6 సింగిల్స్ మ్యాచులకి ఒక్కోటి చొప్పున 6. మిగిలిన 1 పాయింటు డబుల్స్‌ది. మూడు డబుల్స్ మ్యాచులు ఆడతారు, రెండు గెలిచిన జట్టుకి ఆ ఒక్క పాయింటు. ముందు 4 పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళు గెలిచినట్టు. లెక్క ప్రకారం డబుల్స్ విలువ ఏడో వంతే. కానీ మామూలుగా ముందు ఆడేది అదే. దాంట్లో ఓడితే ఆరు సింగిల్స్‌లో నాలుగు గెలవాలి, గెలిస్తే మూడు చాలు. అందుకే కోచ్‌లు దాని మీద ప్రాణం పెడతారు. ఎంత గొప్ప సింగిల్స్ కుర్రాడైనా అక్కడ పక్కవాడితో కలిసి ఆడటం నేర్చుకోక తప్పదు. కాలేజీల నుంచి ఇంతమంది మంచి డబుల్స్ ఆటగాళ్ళు రావడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది.

2004లో రామ్ ప్రొఫెషనల్ అయ్యాడు. సింగిల్స్ వదిలేసి నేరుగా డబుల్స్‌కి వెళ్ళిపోలేదు. పదేళ్ళకి పైగా రెండూ ఆడాడు. 2009లో న్యూపోర్ట్ టోర్నమెంట్ క్వాలిఫయింగ్‌లో ఓడిపోయాడు. ఇంకో ఆటగాడు తప్పుకోవడంతో ఖాళీ అయిన చోట 'లక్కీ లూజర్'గా లోపలికి వచ్చాడు. వచ్చినవాడు ఏకంగా టైటిల్ కొట్టాడు, అదే వారం అక్కడే డబుల్స్ కూడా గెలిచాడు. 2015లో అక్కడే మళ్ళీ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 2016లో తన అత్యుత్తమ సింగిల్స్ ర్యాంకు 56కి చేరాడు.

ప్రపంచంలో 56వ వాడు! మన కాలేజీలో 56వ ర్యాంకు వస్తే పార్టీ ఇస్తాం. టెన్నిస్‌లో మాత్రం ఆ నంబరుని ఎవరూ గుర్తుపెట్టుకోరు. 32 ఏళ్ళ వయసులో ఆ నంబరు దగ్గర నిలబడి అతను చూసుకున్నది ఏమై ఉంటుందో నాకు తెలీదు. చేసింది మాత్రం తెలుసు. అదే ఏడాది రియో ఒలింపిక్స్‌కి వెళ్ళి, వీనస్ విలియమ్స్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో రజతం తెచ్చుకున్నాడు. సెమీఫైనల్‌లో వాళ్ళు ఓడించింది ఎవరినో గుర్తుందా? మన సానియా, బోపన్న జంటని. మొదటి సెట్ మనవాళ్ళదే, తర్వాత మ్యాచ్ చేజారింది. కాంస్య పతకం పోరులోనూ ఓడి మనవాళ్ళు నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ మ్యాచ్ చూసి బాధపడినవాళ్ళలో, అవతలి కోర్టులో ఉన్న ఆ భారత సంతతి మనిషి ఎవరని ఆరా తీసినవాళ్ళు తక్కువే అయ్యుంటారు.

2019లో బ్రిటన్ ఆటగాడు జో సాలిస్‌బరీతో జత కట్టాడు. అతనూ మెంఫిస్ విశ్వవిద్యాలయంలో కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చినవాడే. 2020లో ఇద్దరూ కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. 2021, 2022, 2023 యూఎస్ ఓపెన్‌లు వరసగా గెలిచారు. ఓపెన్ శకంలో ఏ పురుషుల జంటా అంతకుముందు యూఎస్ ఓపెన్‌ని వరసగా మూడుసార్లు గెలవలేదు. 2022 అక్టోబరులో రామ్ డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అప్పటికి 38 ఏళ్ళు. అంత వయసులో మొదటిసారి ఆ స్థానానికి వచ్చినవాళ్ళు అంతకుముందు లేరు. 2024 జనవరిలో మన బోపన్న 43 ఏళ్ళకి ఆ రికార్డు దాటాడు.

"ఆ వయసులో ఆడగలుగుతున్నారంటే డబుల్స్ తేలికనే కదా?" అని మా రూమ్మేట్ వాదన. సగం నిజం ఉంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36. ఇద్దరు పంచుకుంటే మనిషికి 18 అడుగులు. పరుగు తగ్గుతుంది, మోకాళ్ళు నాలుగేళ్ళు ఎక్కువ పనిచేస్తాయి. కానీ తగ్గేది పరుగే. నెట్ దగ్గర ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడితే ఆలోచించుకునే టైమ్ ఉండదు. సర్వ్ ఎటు పడాలో, పార్ట్‌నర్ ఎటు కదలాలో ముందే అనుకుని ఉండాలి. అందుకే నెట్ దగ్గరున్నవాడు చెయ్యి వీపు వెనక పెట్టి సైగ చేస్తాడు. ఆ సైగని నమ్మి సర్వ్ చెయ్యాలి. నమ్మకం తప్పితే కోర్టు మధ్యలో పెద్ద సందు మిగులుతుంది.

తేలికో కాదో తేల్చడానికి 2024 పారిస్ ఒలింపిక్స్ చూడండి. క్వార్టర్‌ఫైనల్‌లో ఒకవైపు నడాల్, అల్కరాజ్. నడాల్ 14 సార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన చోటు అది, అల్కరాజ్ అంతకు రెండు నెలల కిందటే అక్కడ టైటిల్ ఎత్తినవాడు. ఇంకోవైపు 40 ఏళ్ళ రామ్, ఆస్టిన్ క్రాయిచెక్. క్రాయిచెక్ కూడా కాలేజీ సరుకే, 2011లో టెక్సాస్ ఎ అండ్ ఎం తరఫున జాతీయ డబుల్స్ ఛాంపియన్, తర్వాత డబుల్స్ నంబర్ వన్. స్టేడియం మొత్తం ఎవరి కోసం అరిచిందో చెప్పనక్కర్లేదు. స్కోరు 6-2, 6-4. గెలిచింది రామ్, క్రాయిచెక్. ఆ జంట ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకుంది.

ఒక్క మ్యాచ్‌తో అంతా రుజువైపోదు, ఒప్పుకుంటాను. గొప్ప సింగిల్స్ ఆటగాళ్ళు ఏడాదంతా డబుల్స్ మీదే కూర్చుంటే లెక్కలు మారొచ్చు. డబుల్స్‌లో డబ్బు చాలా తక్కువన్నదీ నిజమే. కానీ ఆ మ్యాచ్ ఒక్క మాట మాత్రం తేల్చింది. ఇద్దరు గొప్ప సింగిల్స్ ఆటగాళ్ళని పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన గొప్ప జంట అయిపోదు. జంటగా ఆడటం వేరే విద్య, దానికి వేరే సాధన కావాలి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఎంసెట్ నుంచి మనది సింగిల్స్ బతుకు. ర్యాంకు ఒక్కరిదే, సీటు ఒక్కరిదే, సీజీపీఏ ఒక్కరిదే. ఫైనలియర్‌కి వచ్చేసరికి హఠాత్తుగా నలుగుర్ని ఒక బ్యాచ్ చేసి ప్రాజెక్ట్ చెయ్యమంటారు. ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? ఒకడు కోడ్ రాస్తాడు, "మొత్తం నేనే చేశా" అంటాడు. బోర్డు సోల్డరింగ్ చేసిన అమ్మాయి, రాత్రంతా కూర్చుని తప్పులు పట్టిన కుర్రాడు, రిపోర్టు రాసినవాళ్ళు, వీళ్ళంతా 'సహాయం చేసినవాళ్ళు' అయిపోతారు. టెస్టింగ్ అంటే నిజంగానే ఇష్టపడి ఆ ఉద్యోగానికి వెళ్ళే మా ఫ్రెండ్ ఒకడు, ఎవరైనా అడిగితే "టెస్టింగ్‌లో వచ్చింది రా" అని గొంతు తగ్గించి చెప్తాడు. ఎందుకంటే వెంటనే "డెవలప్‌మెంట్ రాలేదా?" అంటారని వాడికి తెలుసు. అది కూడా 'సింగిల్స్‌లో ఏం సాధించాడు' లాంటి ప్రశ్నే.

కష్టం అనిపించింది వదిలేసి పక్కకి జరగమని నేను చెప్పట్లేదు. రామ్ అలా చెయ్యలేదు. సింగిల్స్‌లో తన శక్తి ఎంతో చివరిదాకా చూసుకున్నాడు. అందరికీ నంబర్ వన్ వస్తుందని కూడా చెప్పట్లేదు. మన వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి వచ్చాడు. 2016 యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో క్వాలిఫై అయి, మొదటి రౌండ్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వెళ్ళి, అయిదో సెట్‌లో ఓడిపోయాడు. ఆ ఒక్క పాయింటు దగ్గర ఆపేసి చూస్తే అతని కథ ఓటమిలా కనిపిస్తుంది. కానీ 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం అతనివి. తొమ్మిదేళ్ళ తర్వాత హాంగ్‌జౌలో రామ్‌కుమార్‌తో ఇంకో రజతం. వీటన్నిటినీ 'సర్దుబాటు' అని కొట్టిపారేస్తామా?

ఈసారి ప్రాజెక్ట్ రివ్యూకి వెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. "ఎవరు చేశారు?" అని కాకుండా "ఎవరెవరు ఏమేం చేశారు?" అని అడుగుదాం. మన పేరు పక్కన మిగతా మూడు పేర్లూ, వాళ్ళ పనులూ మనమే చెబుదాం. ఇక ఎప్పుడైనా డబుల్స్ మ్యాచ్ కంటబడితే ఛానెల్ మార్చకండి. బంతి కొడుతున్నవాణ్ణి కెమెరా ఎలాగూ చూపిస్తుంది. మీరు రెండోవాణ్ణి చూడండి. బంతి తన దగ్గరికి రాకముందే అతను ఎటు కదులుతున్నాడో గమనించండి. రెండు గేములు అలా చూశాక ఆ పాత ప్రశ్న మళ్ళీ అడగాలనిపిస్తే, అప్పుడు మాట్లాడుకుందాం.