ఊపిరి మాది, పెదవులు మావి

ఆడవాళ్ల నోటి గురించి మన భాషలో ఎన్ని మాటలో! నోరున్న ఆడది, నోరు పారేసుకున్న ఆడది, నోరు మూసుకుని పడుండాల్సిన ఆడది. ఆ నోటితో ట్రంపెట్ ఊదుతానంటే మాత్రం అభ్యంతరం శాస్త్రం వేషం వేసుకుని వస్తుంది. "ఆడపిల్ల పెదవులకు అంత బలం ఉండదమ్మా, ఊపిరి చాలదు, ఫ్లూటు నేర్చుకో" అన్నారు నాకు ట్రంపెట్ నేర్పిన ఒక మాస్టారు. ఆ మాట ఆయన కనిపెట్టింది కాదు. ఆయన గురువు నుంచి ఆయనకీ, ఆ గురువుకి మరో గురువు నుంచీ సంక్రమించిన ఆస్తి. ఆ ఆస్తి మీదే నా తగాదా.

సన్నాయికి రెల్లుతో చేసిన పీక ఉంటుంది. ట్రంపెట్‌కు అదేమీ లేదు. ఊదేవాళ్ల పెదవులే ఆ రెల్లు. మూసిన పెదవుల మధ్య నుంచి గాలి పోతుంటే అవి తుమ్మెదలా ఝుమ్మంటాయి. సెకనుకు 440 సార్లు కంపిస్తే ఒక స్వరం, 880 సార్లు కంపిస్తే దాని పై స్థాయి స్వరం. ఈ పెదవుల అమరికనే ఆంబుషూర్ అంటారు. నోరు అనే అర్థమున్న ఫ్రెంచి పదం నుంచి పుట్టిన మాట ఇది. పెదవుల చివర్లు బిగువుగా ఉండాలి, నడిమి భాగం స్వేచ్ఛగా కదలాలి. మౌత్‌పీస్ లోపలి వెడల్పు దాదాపు 16, 17 మిల్లీమీటర్లు. అంటే కంపించే చోటు రూపాయి బిళ్లకన్నా చిన్నది. అంత చిన్న చోటులో మగతనం ఎక్కడ పడుతుంది? పైగా పై స్వరాల కోసం మౌత్‌పీస్‌ను పళ్లకేసి నొక్కితే పెదవిలో రక్తం ఆడదు, కంపనం చచ్చిపోతుంది. బలం చూపించబోయినవాడి పెదవే ముందు అలిసిపోతుంది.

పోనీ, గురువులంతా ఒక్క మాట మీదున్నారా? పారిస్‌లో నేర్పిన ఆర్బన్ 1864 నాటి తన గ్రంథంలో మౌత్‌పీస్ మూడోవంతు పై పెదవి మీదా, మిగతాది కింది పెదవి మీదా ఉండాలన్నాడు. ఫార్కస్ 1956లో ఫ్రెంచి హార్న్ గురించి రాస్తూ దాన్ని తిరగేశాడు. ట్రంపెట్ ఊదేవాళ్లు కూడా పళ్ల వరసను బట్టి, దవడను బట్టి ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు. చికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించి, ఊపిరి పాఠానికే పేరుపడ్డ ఆర్నాల్డ్ జేకబ్స్ ఊపిరితిత్తుల సామర్థ్యం మామూలుకన్నా తక్కువ. ఆ తక్కువతనం ఆయన చేతిలోంచి ట్యూబాను లాక్కోలేదు.

అదే ఆడమనిషైతే? అమెరికన్ ట్రాంబోన్ వాద్యకారిణి ఆబీ కొనాంట్‌ను 1980లో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ వాళ్లు తెర చాటున విని, ప్రధాన స్థానానికి ఎంచుకున్నారు. తెర చాటునుంచి వచ్చింది ఆడమనిషి. మరుసటేడే ఆమెను రెండో స్థానానికి దించాలని చూశారు. ప్రధాన ట్రాంబోన్‌కు మగవాడే కావాలన్నాడు కండక్టర్ చెలిబిదాకె. కేసు కోసం ఆమె ఆస్పత్రికెళ్లి తన ఊపిరితిత్తులు కొలిపించుకోవాల్సొచ్చింది. ఫలితాలు చక్కగా వచ్చాయి. అయినా స్థానం కోసం, తర్వాత సమాన జీతం కోసం ఆమె పోరాటం 1993 దాకా సాగింది. నెగ్గింది. పక్క కుర్చీల్లోని మగవాళ్ల ఊపిరిని ఎవరైనా కొలిచారా? సెయింట్ లూయీ సింఫనీలో సూజన్ స్లాటర్ 1973లోనే ప్రధాన ట్రంపెట్ అయింది. రుజువు లేక కాదు ఈ గొడవంతా.

ఇదంతా పరాయి దేశాల గోల అనుకోకండి. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో ట్రంపెట్ పట్టిన ఆడమనిషిని మీలో ఎంతమంది చూశారు? తెలుగునాట నాదస్వర కుటుంబంలో పుట్టిన కాలీషాబీ మహబూబ్ భర్తతో కలిసి 2020 పద్మశ్రీకి ఎంపికయ్యారు. నాదస్వరం ఏమన్నా తక్కువ ఊపిరి అడిగే వాద్యమా? ఆమెను మినహాయింపు అని మెచ్చుకుని ఊరుకుంటారు. మినహాయింపుని పొగడడం సూత్రాన్ని కాపాడుకునే పద్ధతి.

గురువు అక్కర్లేదని నేననడం లేదు. ఊదేటప్పుడు నోటి లోపల నాలుక ఏం చేస్తోందో మనకు కనబడదు. వినే చెవి ఒకటి కావాలి. కానీ "ఆంబుషూర్ మార్చుకో" అన్న గురువు ఎందుకో చెప్పాలి. అద్దం ముందు నిలబెట్టి చూపించాలి. ఊపిరి ఎక్కడిదాకా దిగిందో తెలియాలంటే శిష్యురాలు తన చేతిని తన పొట్టమీద తనే పెట్టుకోగలదు. అందుకు గురువుగారి చెయ్యి అవసరం లేదు. క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా 2018లో తన ప్రధాన ట్రాంబోన్ వాద్యకారుణ్ణి లైంగిక దుష్ప్రవర్తన కారణంగానే తొలగించింది. శరీరంతో నేర్చుకునే విద్యలో శరీరం మీద అధికారం ఎవరిదన్నది తొలి పాఠం కావాలి.

మాస్టార్లూ, మా పెదవులు చాలవని చెప్పడం మానండి. మీకు నేర్పడం చాతకాకపోతే ఆ మాటే చెప్పండి, మరో గురువును వెతుక్కుంటాం. ఎవరో ఒకరికి బాకా ఊదమంటే మాత్రం ఇన్నేళ్లుగా మా ఊపిరి చాలలేదని ఒక్కరూ అనలేదు.