పాఠాలు ఎక్కువ, ఫోటోలు తక్కువ

"ఫోటోగ్రఫీ సీరియస్‌గా నేర్చుకుందామనుకుంటున్నా బాస్, మంచి లింకులేమన్నా ఉంటే పంపు" అని నన్ను అడిగేవాళ్ళు ఆఫీసులో నెలకి ఇద్దరన్నా తగుల్తారు. లింకులు పంపడం ఎంతసేపు? కానీ నేను ముందు ఓ ఎదురు ప్రశ్న వేస్తాను. పోయిన నెలలో ఎన్ని ఫోటోలు తీశావు, వాటిల్లో ఎన్నిటిని తీరిగ్గా కూర్చుని మళ్ళీ చూశావు? మొదటిదానికి "ఓ మూడొందలుంటాయేమో" అంటారు. రెండోదానికి నవ్వు తప్ప జవాబు రాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోటోగ్రఫీ నేర్పే సరంజామాకి కరువు లేదు. పుస్తకాలు, వీడియోలు, కోర్సులు, వారాంతపు వర్క్‌షాపులు, ఎన్ని కావాలంటే అన్ని. కరువల్లా మనం తీసిన ఫోటోని మనమే ఎదురుగా పెట్టుకుని "ఇదెందుకు బాలేదు?" అని అడిగే అలవాటుకే. పుస్తకమైనా వీడియో అయినా ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి పనికొస్తే చదువు కింద లెక్క. లేకపోతే అది మరో టీవీ సీరియల్, అంతే.

మన ఐటీ జనాల పద్ధతి ఒకటుంది. కొత్త టెక్నాలజీ పేరు వినగానే ఓ కోర్సు కొంటాం, పది ట్యాబులు తెరిచి పెట్టుకుంటాం, "వీకెండ్ చూద్దాంలే" అనుకుంటాం. కెమెరా సంగతీ అంతే. బోనస్ పడగానే కెమెరా వస్తుంది, రెండో నెలలో 50 ఎంఎం లెన్సు వస్తుంది, నాలుగో నెలలో ట్రైపాడ్. ఏడాది తిరిగేసరికి అన్నీ సిలికా జెల్ పొట్లాలతో సహా బీరువాలో విశ్రాంతి తీసుకుంటుంటాయి. ఈలోగా సదరు మిత్రుడికి మార్కెట్లో ఉన్న ప్రతి సెన్సరు జాతకం కంఠతా వచ్చేసి ఉంటుంది.

రివ్యూలు చదవొద్దనట్లేదు. 1998లో మొదలైన డీపీరివ్యూని మూసేస్తున్నామని 2023లో అమెజాన్ ప్రకటించినప్పుడు చాలామందితోపాటు నేనూ బాధపడ్డాను. అదే ఏడాది వేరే కంపెనీ కొనుక్కుని దాన్ని నిలబెట్టింది, సంతోషం. కొనేముందు చూడాల్సిన చోటే అది. కాకపోతే పది రకాల స్టవ్వుల గురించి చదివినంత మాత్రాన పులిహోర కలపడం రాదు కదా.

అసలు ఇందులో సాంకేతికం ఎంత? ఎపర్చర్, షట్టర్ స్పీడు, ఐఎస్ఓ. మూడంటే మూడు. ఒక స్టాపు పెంచితే వెలుగు రెండింతలు, తగ్గిస్తే సగం. రెండు ఘాతాలతో రోజూ కాపురం చేసేవాళ్ళం, మనకిదో లెక్కా? ఒక ఆదివారం చాలు. దీనికి ఒక్క పుస్తకం చెప్పమంటే బ్రయాన్ పీటర్సన్ రాసిన 'అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్' చెప్తాను. 1990లో మొదటిసారి వచ్చింది, తర్వాత కొత్త కూర్పులూ వచ్చాయి. వీడియోలే కావాలంటే మార్క్ లెవోయ్ ఉపన్యాసాలు చూడండి. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా పనిచేసినాయన, పిక్సెల్ ఫోన్ కెమెరాల వెనకున్న ముఖ్యుల్లో ఒకరు. స్టాన్‌ఫర్డ్‌లో చెప్పిన డిజిటల్ ఫోటోగ్రఫీ కోర్సునే 2016లో గూగుల్‌లో మళ్ళీ చెప్పి, 18 ఉపన్యాసాలనీ ఉచితంగా యూట్యూబ్‌లో పెట్టారు. లెన్సులో వెలుగు ఎలా వంగుతుంది, సెన్సరులో నాయిస్ ఎక్కడ పుడుతుంది, ఇవన్నీ ఇంజనీరుకి నచ్చే పద్ధతిలో ఉంటాయి. ఈ రెండింటితో ఆపండి. మూడోది వెతకడం మొదలెట్టారంటే మీరు ఫోటోలు తీయడం వాయిదా వేస్తున్నారని అర్థం.

చదివిందాన్ని మన వెలుగులో, మన మనుషుల మీద పరీక్షించుకోవాలి. ఉదాహరణకి, కెమెరాలోని మీటరు తనకి కనబడేదంతా సగటున ఓ మధ్యరకం బూడిదరంగు అనుకుంటుందని ప్రతి పుస్తకమూ చెప్తుంది. చదివితే సరేలే అనిపిస్తుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఫ్రేము నిండా గేదె వచ్చేట్టు ఒక ఫోటో, ఫ్రేము నిండా కొత్తగా సున్నం వేసిన గోడ వచ్చేట్టు ఇంకో ఫోటో ఆటోలో తీయండి. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే గేదె వెలిసిపోయి ఉంటుంది, గోడ మాసిపోయి ఉంటుంది. నల్ల గేదెనీ తెల్ల గోడనీ రెండింటినీ బూడిదలోకి లాగేసింది మీటరు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీట ఎందుకుందో ఆ క్షణాన వెలుగుతుంది, ఇక జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు అదే పాఠం తాతగారి మీద. చామనఛాయ మనిషి, మల్లెపువ్వులాంటి పంచె, లాల్చీ, నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. తెలుపు చూసి మీటరు వెలుగు తగ్గిస్తుంది, మొహం నల్లబడిపోతుంది. మొహం కోసం పెంచితే పంచె మడతలు మాయమైపోతాయి. సెట్టింగులతో దీన్ని గెలవలేం. "తాతా, కాస్త అరుగు మీదకి రా" అనడమే దీనికి పరిష్కారం. నీడలోకి రాగానే మొహమూ పంచే రెండూ ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. చలిదేశాల్లో తీసిన వీడియోలు సూర్యాస్తమయపు బంగారు వెలుగు గురించి గంటలు గంటలు చెప్తాయి గానీ, మే నెల ఎండలో పెళ్ళి పందిరి దగ్గరున్నవాడు ఏం చెయ్యాలో చెప్పేవి తక్కువ. ఆ పాఠం మనమే రాసుకోవాలి.

ఇక అందరి దగ్గరా ఉండి ఎవరూ తెరవని పాఠ్యపుస్తకం ఇంకోటుంది. మీ హార్డ్ డిస్క్. ప్రతి ఫోటోలోనూ ఏ ఫోకల్ లెంగ్త్, ఏ ఎపర్చర్, ఏ షట్టర్, ఎన్నింటికి తీశారు అన్నీ ఎక్సిఫ్ డేటాగా భద్రంగా ఉంటాయి. ఫిల్ హార్వీ రాసిన ఎక్సిఫ్‌టూల్ ఉచితం. ఫోల్డర్ మొత్తం మీద ఓసారి నడిపి, సీఎస్‌వీగా తీసి, ఫోకల్ లెంగ్త్ వారీగా లెక్కపెట్టండి. ప్రొడక్షన్ లాగులు చదివే మనకి ఇదెంత పని? 18-55 లెన్సు వాడే ఓ మిత్రుడి ఫోటోల మీద ఇద్దరం కలిసి ఈ పని చేశాం. సగానికి పైగా అయితే 18 దగ్గర, లేకపోతే 55 దగ్గర. అంటే నిలబడ్డ చోటునుంచి కదలకుండా జూమ్‌ని ఈ చివరికో ఆ చివరికో తిప్పి నొక్కేస్తున్నాడన్నమాట. అంతకుముందు వారం దాకా కొత్త టెలిఫోటో లెన్సు కొందామనుకుంటున్నాడు. అతనికి కావాల్సింది నాలుగడుగులు ముందుకేసే అలవాటని డేటాయే చెప్పింది. లెన్సు డబ్బులు మిగిలాయి.

మంచి ఫోటోలు చూడటం కూడా చదువే. రోజంతా ఫోన్లో వేలితో తోసేసే ఫోటోల గురించి కాదు నేను చెప్పేది. ఒక్కో బొమ్మ దగ్గర ఐదు నిమిషాలు ఆగాలి. 'మాగ్నం కాంటాక్ట్ షీట్స్' అని 2011లో ఒక పుస్తకం వచ్చింది. ప్రసిద్ధికెక్కిన ఫోటోలకి ముందూ వెనకా అదే రీల్లో ఉన్న మిగతా ఫ్రేములు కూడా అందులో కనబడతాయి. మహామహులు కూడా ఒకే సంఘటన చుట్టూ ఎలా తిరిగారో, ఎన్ని ఫ్రేములు పక్కన పడేశారో చూస్తే మనకి ధైర్యం వస్తుంది. ఖరీదెక్కువ అనుకుంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉంది. మాంద్యం రోజుల్లో అక్కడి ప్రభుత్వం పల్లెలకి పంపిన ఫోటోగ్రాఫర్ల నెగటివ్‌లు సుమారు 1,75,000 ఉన్నాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 1936లో డొరోతియా లాంజ్ తీసిన వలస తల్లి ఫోటో మీరు చూసే ఉంటారు. అదే తల్లీపిల్లల మిగతా ఫ్రేములు కూడా అక్కడున్నాయి. ఒకదాంట్లో డేరా అంతా కనబడుతుంది, ఒకదాంట్లో ఇంకా దగ్గరికొస్తుంది. అన్నీ వరసగా పెట్టుకుని, లోకం ఆ ఒక్కదాన్నే ఎందుకు గుర్తుపెట్టుకుందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసుకోండి. వెయ్యి రూపాయల కోర్సు కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

"మనం పగలంతా ఆఫీసులో మగ్గేవాళ్ళం, మనకెక్కడ కుదుర్తుంది" అనేవాళ్ళకి రాజా దీన్‌దయాళ్ గురించి చెప్పాలి. హైదరాబాదు ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా మనకి తెలిసినాయన. 1844లో పుట్టారు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసి డ్రాయింగులు గీసే ఉద్యోగం. కెమెరా పట్టింది 1874లో, అంటే ముప్ఫై ఏళ్ళప్పుడు. గాజు పలకల మీద, అంత బరువు కెమెరాతో, ఉద్యోగం చేసుకుంటూనే నేర్చుకున్నారు. ఒక్కో పలకకీ ఖర్చూ శ్రమా ఉన్నప్పుడు మనిషి నొక్కేముందు ఆలోచిస్తాడు. మనకి ఆ ఖర్చు పోయింది, దాంతోపాటు ఆ ఆలోచనా పోయింది.

తర్వాత రివ్యూ. కోడ్ రివ్యూ లేకుండా చెక్-ఇన్ చేయనివ్వం కదా, మరి ఫోటోకి? "నైస్ క్లిక్ మామా", "సూపర్ రా" అనేవి రివ్యూలు కావు, పలకరింపులు. మొహమాటం లేకుండా "కుడిపక్క ఆ కరెంటు స్తంభం ఆవిడ నెత్తిమీంచి మొలిచినట్టుంది" అని చెప్పే మనిషి ఒక్కరు దొరికితే చాలు. నాకైతే ఆ మనిషి మా ఆవిడ. ఎపర్చర్ అంటే తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. కానీ ఫోటో చూడగానే కన్ను ఎక్కడికి పోతుందో కచ్చితంగా చెప్తుంది.

వర్క్‌షాపుల మాటేమిటంటారా? వేలు పోసి వెళ్తే నిర్వాహకుడే లైట్లు అమర్చి, మోడల్‌ని నిలబెట్టి, సెట్టింగులు కూడా బోర్డు మీద రాసే రకాలున్నాయి. ఇరవై మంది ఒకే ఫోటోతో ఇంటికొస్తారు. ఆ ఫోటో ఎవరిదంటే నిర్వాహకుడిదే. అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టను. కొన్ని విద్యలు పక్కన ఒకరుండి చూపిస్తే తొందరగా వస్తాయి, ఫ్లాష్ వాడకం అలాంటిదే. కానీ దానికి కూడా డేవిడ్ హాబీ 2006లో స్ట్రోబిస్ట్ పేరుతో మొదలెట్టిన ఉచిత పాఠాలు ముందు చదివి, చిన్న ఫ్లాషుతో ఇంట్లో తంటాలు పడి, అప్పుడు ప్రశ్నలతో వెళ్తే పెట్టిన డబ్బులకి న్యాయం జరుగుతుంది.

ఇంతకీ ఇంత గోల దేనికి? హాబీయే కదా, ఎలా నేర్చుకుంటే ఏం? కారణం ఉంది. పెద్దవాళ్ళు పోయినప్పుడు మనిళ్ళల్లో ఏం జరుగుతుందో చూసే ఉంటారు. పదో రోజులోపు గోడకి పెట్టడానికి ఓ పెద్ద ఫోటో కావాలి. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో, అందరి దగ్గరా మంచి కెమెరాలే, వేల ఫోటోలు. వెతికితే అమ్మ ఒక్కర్తే ఉన్న ఫోటో దొరకదు. చివరికి ఎవరిదో పెళ్ళిలో వీడియో లైటు మొహాన కొడుతుంటే కళ్ళు చికిలించి, వరసలో మూడో మనిషిగా నిలబడ్డ గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి, స్టూడియోవాడి చేత వెనకాల నీలం రంగు వేయిస్తారు. పక్కావిడ పట్టుచీర భుజం ఇంకా ఓ మూల కనబడుతూనే ఉంటుంది. అలాంటి ఫోటోలకి దండ వేసి ఉండగా నేను నాలుగైదు ఇళ్ళల్లో చూశాను. ఆ పిల్లలకి లదాఖ్‌లో పాలపుంత తీయడం వచ్చు.

అందుకే నన్ను అడిగినవాళ్ళకి మూడు నెలల సిలబస్ చెప్తాను. ఒకే మనిషి, ఒకే లెన్సు, ఒకే కిటికీ. ఫోన్ అయితే జూమ్ ముట్టుకోకుండా. మనిషి అమ్మైనా, నాన్నైనా, మామ్మైనా సరే. ఎండ తగలని కిటికీ పక్కన కుర్చీ వేసి, లోపలి ట్యూబులైటు ఆర్పేసి, కబుర్లు చెప్తూ తీయండి. ఇటు తిరిగితే మొహం మీద వెలుగు ఎలా పడుతోంది, అటు తిరిగితే ఎలా పడుతోంది చూడండి. "ఇప్పుడెందుకురా, చీరన్నా మార్చుకోలేదు" అంటారు, పర్లేదనండి. ఆదివారం రాత్రి గంటసేపు కూర్చుని ఐదు ఉంచుకుని మిగతావి తీసేయండి. ఉంచిన ఐదింటికీ ఎందుకు ఉంచారో ఒక్కో వాక్యం రాయండి. వాటిల్లో ఒకటి ప్రింటు తీయించి వాళ్ళకే చూపించండి. వాళ్ళు దాన్ని ఎంతసేపు చేతిలో పట్టుకుంటారో అదే మీ మార్కు.

పై పుస్తకాలూ వీడియోలూ ఎక్కడికీ పోవు, మధ్యలో సందేహం వచ్చినప్పుడు తెరవచ్చు. ముందు ఇంటికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం పొద్దున్న ఖాళీ ఉంచుకోమని చెప్పండి.