మక్క కోళ్ళకు, పాలిష్ బియ్యం మనకు: పీచు పదార్థంపై ఒక ఆలోచన

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పంటల సరళిని పరిశీలించినవారికి ఒక వైరుధ్యం స్పష్టంగా గోచరిస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పదార్థాల పట్టికల ప్రకారం నూరు గ్రాముల ఎండు మొక్కజొన్న గింజలలో సుమారు 12 గ్రాములు, జొన్నలలో 10 గ్రాములు పీచు పదార్థం ఉన్నది. మర పట్టిన తెల్ల బియ్యంలో ఉన్నది 2.8 గ్రాములు మాత్రమే. ఇక్కడి రైతు మక్కను కోళ్ళ దాణాకు, సోయాచిక్కుడును నూనె మిల్లుకు పంపి, తన కంచంలోకి తెల్ల బియ్యాన్ని తెచ్చుకొంటున్నాడు. పోచారం, నిజాంసాగర్ ఆయకట్టుల్లో వరి పాతదే. మెట్ట గ్రామాలలో మాత్రం మక్క గటక, జొన్న రొట్టె స్థానంలో వరి అన్నం నిత్యభోజనం కావడం 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యం, బోరుబావుల విస్తరణ తరువాతి పరిణామం.

దీనిని కేవలం రుచుల మార్పుగా భావించరాదు. పీచులో అధిక భాగం సహజ పాలిసాకరైడ్లే: జొన్న, మక్క పొట్టులో అరబినోజైలాన్, గోరుచిక్కుడు గింజలో, మెంతులలో గెలాక్టోమన్నాన్, చింతగింజలో జైలోగ్లూకాన్. మన జీర్ణరసాలు వీటిని విడగొట్టలేవు. పెద్దపేగులోని బాక్టీరియా వీటిని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. బ్యుటిరేట్ పేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం. ఈ ఆమ్లాలు ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోనుల స్రావాన్ని ప్రేరేపిస్తాయి. పీచు అందనప్పుడు కొన్ని బాక్టీరియాలు పేగును కప్పి ఉన్న జిగురు పొరనే ఆహారంగా చేసుకొంటాయని 2016లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అధిక కొవ్వు ఆహారం తింటే బాక్టీరియా విషపదార్థాలు రక్తంలో చేరి స్వల్పస్థాయి వాపును, ఇన్సులిన్ నిరోధకతను కలిగిస్తాయని 2007 నాటి ఎలుకల పరిశోధనలే సూచించాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎలుక మేతలో శుద్ధమైన పాలిసాకరైడును కలిపి బరువు తగ్గించినంత సులభంగా మనిషిలో తగ్గించలేము. 2018లో శుద్ధిచేసిన ఇన్యులిన్ తిన్న కొన్ని ఎలుకలలో, వాటి పేగు బాక్టీరియా అప్పటికే అస్తవ్యస్తమై ఉన్న స్థితిలో, కాలేయ క్యాన్సర్ కనబడింది. గోరుచిక్కుడు బంకతో చేసిన బరువు తగ్గించే మాత్రలు గొంతులోనే ఉబ్బి అడ్డుపడినందున అమెరికాలో 1990 ప్రాంతంలో నిలిపివేయవలసి వచ్చింది. కావున పొడులు, మాత్రలు రైతుబజారులోకి రాకముందే విస్తరణ శాస్త్రవేత్తలు గింజ పక్షాన నిలవాలన్నది నా అభిప్రాయం. పొడిని అమ్మేవారు ఎలాగూ వస్తారు, వారికి మన సిఫారసు అక్కరలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీలలో 30 శాతం, పురుషులలో 32 శాతం మంది అధిక బరువు గలవారు. 2025 ఏప్రిల్ నుంచి రేషనులో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం అందుతున్నది. అంటే రోజుకు 200 గ్రాములు, దాని ద్వారా లభించే పీచు సుమారు 5.6 గ్రాములు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పేర్కొన్నది. మిగిలిన ఇరవై గ్రాములు పప్పు, ఆకుకూర, గోరుచిక్కుడు, జొన్నల నుంచి రావాలి. రాకపోతే లోటు లోటుగానే ఉంటుంది.

జొన్న వేయమని చెప్పడం తేలిక. పిట్టలు, అడవిపందులు, ధర, కూలి అనే నాలుగింటికీ జవాబు లేకుండా ఆ మాట అనడం రైతును చిన్నచూపు చూడడమే అవుతుంది. నా సూచన పరిమితమైనది. రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటివి మొదటి వరుస ప్రదర్శనలలో ఇంటి వాడకానికి ఐదు గుంటల జొన్నను చేర్చవచ్చు. ఆ చిన్న చెలకలను ఒకేచోట కలిపి వేయిస్తే పిట్టల కాపలా ఖర్చును పంచుకోవచ్చు. విద్యార్థులకు కూడా మంచి పరిశోధనాంశం ఉన్నది: గటక కోసం మక్కను దంచి, చెరిగి, ఉడికించేసరికి పన్నెండు గ్రాములలో ఎంత మిగులుతున్నది, ఊరి గిర్నీలో పట్టిన రవ్వకూ రోకటి రవ్వకూ తేడా ఎంత? పట్టికలోని అంకె గింజది, తినేది గటక. ఆ కొలత లేకుండా ఎంత గటక తినాలో ఎల్లారెడ్డి మహిళా సంఘాలకు చెప్పబూనడం తొందరపాటే.